గుద్దితే తగలని విలన్

అమెరికా కామిక్స్‌లో పురుగుల శక్తితో చెలరేగే విలన్లకు కొదవ లేదు. అయినా పాఠకుడి మనసులో నిలిచినవాళ్లు తక్కువ. రచయితలు ఎక్కువగా తొక్కిన దారులు రెండు: మనిషికి పురుగు వేషం వేయడం, లేదా పురుగును మనిషంత పెంచడం. డీసీ వారి కిల్లర్ మాత్ రెండింటినీ చవిచూశాడు. 1951లో ‘బ్యాట్‌మన్’ 63వ సంచికలో అడుగుపెట్టినప్పుడు అతను రంగురంగుల దుస్తులు తొడుక్కున్న మామూలు నేరస్థుడు. బ్యాట్‌మన్ జనాన్ని కాపాడితే తాను దొంగలను కాపాడతానని బయల్దేరి, పిలుపు కోసం అతనిలాగే దీపం గుర్తు కూడా పెట్టుకున్నాడు. ఆలోచన ముచ్చటైనదే, కానీ పేరులో ఉన్న చిమ్మట (మాత్) అందులో ఎక్కడ? 1995లో అతన్ని చరాక్సిస్ అనే రెక్కల రాక్షసుడిగా మార్చారు. దాంతో ఉన్న కాస్త చమత్కారం పోయి, ఏ అడవి మృగమైనా చేయగల పనే మిగిలింది.

పెంచిన పురుగు నిలబడలేదని జీవశాస్త్రమూ చెబుతుంది. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయగలిగేది చిన్నది కాబట్టే. అదే ఆకారాన్ని పొడవులో పదింతలు చేస్తే కండబలం వందింతలవుతుంది, ఒంటి బరువు వెయ్యింతలవుతుంది. సన్నటి గొట్టాలతో గాలి పీల్చే ప్రాణికి అంత దేహంలో ఊపిరీ అందదు. కామిక్స్‌లో ఈ లెక్కలేమిటని ఎవరైనా అడగొచ్చు. ఎగిరే మనుషులను ఒప్పుకున్నవాళ్లం దీన్నీ ఒప్పుకోవచ్చు, నిజమే. అసలు నష్టం వేరే ఉంది: పెంచిన మరుక్షణం పురుగు మాత్రమే పుట్టించగల భయం పోతుంది. మన ‘ఈగ’ (2012)లో రాజమౌళి ఈగను ఈగంతే ఉంచారు. చేత్తో నలిపేయగల ప్రాణి చేతికి చిక్కకపోవడమే అక్కడి విలన్‌కు నిద్ర లేకుండా చేసింది.

1977లో మార్వెల్ ‘ఛాంపియన్స్’ 14వ సంచికలో రచయిత బిల్ మాంట్లో, చిత్రకారుడు జాన్ బర్న్ మూడో దారి పట్టారు. ఇరవై ఏళ్ల ముందు బ్రెజిల్‌లో పరిశోధకుల చేయి దాటిన ఆఫ్రికా తేనెటీగలు అక్కడి ఈగలతో కలిసి ఉత్తరానికి పాకుతున్నాయన్న వార్తలు అప్పటి అమెరికాను కలవరపెడుతున్నాయి. ఆ భయంలోంచి పుట్టినవాడు స్వార్మ్. దక్షిణ అమెరికాకు పారిపోయిన నాజీ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ వాన్ మేయర్‌ను వింత తేనెటీగలు ఎముకలు మిగిలేలా తినేస్తాయి, అతని మనసు మాత్రం ఆ గుంపులో చేరిపోతుంది. బొమ్మను దగ్గరగా చూడండి. పైన ఊదారంగు వస్త్రం, చర్మం ఉండాల్సిన చోట కిక్కిరిసిన ఈగలు, వాటి లోపలెక్కడో అస్థిపంజరం. కామిక్ బొమ్మలో ఎవరి ఒంటికైనా సిరాగీతే హద్దు. ఇక్కడ ఆ హద్దే చెదురుతూ ఉంటుంది. పిడికిలి విసిరితే ఈగలు విడిపోతాయి, చెయ్యి అవతలికి పోతుంది, ఈగలు మళ్లీ కూడుకుంటాయి. సూపర్‌హీరో కథకు గుద్దే ఇరుసు. దాన్నే పనికిరాకుండా చేసిన శత్రువు ముందు హీరో బుర్రకు పని చెప్పక తప్పదు.

‘తేనెటీగలతో చేసిన నాజీ’ అనగానే నవ్వొస్తుంది. పూల పుప్పొడి మోసి పంట పండించే జీవిని విలన్ చేయడం అన్యాయమన్నది అంతకన్నా బరువైన అభ్యంతరం. రెండింటికీ జవాబు తేనెపట్టులోనే ఉంది. అక్కడ ఆజ్ఞలిచ్చేవాళ్లు ఉండరు. రాణి ఈగ ముఖ్యమైన పని గుడ్లు పెట్టడం. గుంపు కొత్త చోటికి తరలేటప్పుడు ముందు వెళ్లి చూసొచ్చిన ఈగలు నాట్యం చేసి తమకు నచ్చిన చోటు చాటుతాయనీ, తగినన్ని ఈగలు ఒకవైపు మొగ్గితే అదే నిర్ణయమవుతుందనీ జీవశాస్త్రవేత్త థామస్ సీలీ పరిశోధనలు చూపాయి. జాతి మొత్తం ఒక్క నాయకుడికి తలవంచాలని నమ్మినవాడు అలాంటి సమూహంలో దూరి దాన్ని తన ఆయుధం చేసుకున్నాడు. ఈగలు బందీలు, దుర్మార్గం ఆ మనిషిది. మాంట్లో ఇదంతా తలచి రాశాడని నేననను, కల్పనలో మాత్రం అది ఉంది. తర్వాత స్పైడర్‌మన్ శత్రువుల్లో చేరిన స్వార్మ్ అక్కడ గ్రీన్ గాబ్లిన్, డాక్టర్ ఆక్టోపస్‌ల వెనక వరుసలోనే ఉండిపోయాడు. పురుగు విలన్ల వరకైతే పెద్దపీట అతనికే వేయాలి.