చొక్కా మీద తిమింగలం

నవలలు రాసుకునేదానివి, సైకిలు పందాలతో నీకేం పని అంటారా? ఉంది మరి. చొక్కా మీద రాసిన మాట కూడా రచనే. రచన అన్నాక దాన్ని విమర్శించే హక్కు చదివినవాళ్ళకి ఉంటుంది.

2018 టూర్ డి ఫ్రాన్స్‌లో స్కై జట్టువాళ్ళు వీపు మీద తిమింగలం బొమ్మ వేసుకుని తొక్కారు. సముద్రాల్లో ప్లాస్టిక్ పారేయకండని దాని సందేశం. బాగుంది. మరుసటి ఏడు, 2019 మే నెలలో, ఆ జట్టు ఇనియోస్ చేతికి వెళ్ళింది. ఇనియోస్ ఏం చేస్తుందనుకున్నారు? ప్లాస్టిక్‌కి కావలసిన ముడిసరుకు తయారుచేసే రసాయనాల కంపెనీ అది! పేరు మారింది, చొక్కా మారింది, జట్టు మాత్రం అదే. నా నవలలో ఇలాంటి మలుపు పెడితే "మరీ ఇంత విడ్డూరమా" అని సంపాదకులు తిప్పి పంపి ఉండేవారు.

అలాగని ఒక్క కంపెనీని తిట్టేసి చేతులు దులుపుకోవడం విమర్శ కాదు. రోడ్డు పక్కన నిలబడి పందెం చూసేవాళ్ళకి టిక్కెట్టు లేదు. అంచేత జట్లు ప్రకటనల డబ్బు మీదే బతకాలి. డబ్బిచ్చేవాడి పేరు గుండెల మీద రాసుకుని నీతి వీపు మీద రాసుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు రెండూ తగవు పడక మానవు.

2021 ఏప్రిల్లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కొత్త నిబంధన తెచ్చింది: ఖాళీ సీసా కేటాయించిన చోటే పడెయ్యాలి. ఆ వారంలోనే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌లో మైకేల్ షార్ దారి పక్క అభిమానులకి సీసా విసిరాడని పోటీనుంచే తప్పించారు. పాపం, ఆయన ఓ ఉత్తరం రాశాడు. 1997లో, తన చిన్నతనంలో, టూర్ చూడడానికి వెళ్తే ఓ ఆటగాడి సీసా దొరికిందట. తన కలకి అదే మొదలట. కొద్ది రోజులకే శిక్ష తగ్గించారు.

నిబంధన మంచిదే. పొలంలో పడ్డ సీసా రైతుకి జ్ఞాపిక కాదు, చెత్త. కాని ఆ సీసా వెనకాలే కార్లు, మోటారు సైకిళ్ళు, పైన హెలికాప్టరు కూడా వస్తాయి. వాటి పొగకి లేని శిక్ష సీసాకి పడితే ఎవరికి మాత్రం నవ్వు రాదు?

ఇదంతా నాకు పులికాట్ దగ్గర తట్టింది. చలికాలంలో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే దారిలో రెండువైపులా నీళ్ళల్లో ఫ్లెమింగోలు ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. మేమూ కారాపి చూశాం. పొగ మా వాటా, ఒప్పుకోవాలి. నా చేతిలో ఖాళీ నీళ్ళ సీసా. అంతలో కారియర్‌కి చేపల బుట్ట కట్టుకుని ఒకాయన సైకిలు మీద వచ్చాడు.

"అమ్మా, ఆ సీసా ఈడ పారెయ్యబాకండి. గాలికి నీళ్ళల్లో పడతాది. వలేస్తే చేపకి బదులు అదే వస్తాది" అని, ఆగకుండానే తొక్కుకుంటూ పోయాడు.

ఆయన చొక్కా మీద కూడా ప్రకటన ఉంది, ఏదో సిమెంటుది. జీతం లేని ప్రచారం! సైకిలు తొక్కి పొట్టపోసుకునేవాణ్ణే వృత్తి సైక్లిస్టు అంటే, ఆయన కాడూ? సీసా గురించి ఆయన చెప్పిన మాట నేను నమ్మాను. తిమింగలం చొక్కా చెప్పినప్పుడు నమ్మలేకపోయాను. మాట ఒకటే. కాని ఆయన వలలో సీసా పడితే ఆ పూట కూడు పోయేది ఆయనకే.

సీసా ఇంటికి తెచ్చాను. "ఇదేమిటి, పులికాట్ నుంచి కానుకా?" అన్నారు మావారు.

అవునన్నాను. షార్‌కి దొరికింది ఒకటైతే, నాకు దొరికింది ఇంకొకటి.