బొంత కుట్టే చేతులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో కట్టి కట్టి పాతబడిన చీర బొంతలోకి చేరి ఇంకొన్నేళ్లు బతుకుతుంది. బొంత కుట్టడానికి టేపుతో పనిలేదు. ఇంట్లో ఉన్న గుడ్డే కొలత. ఉతికి ఆరేసిన నూలు చీరలు, పంచెలు కడప బండల మీద ఒకదానిమీదొకటి పరిచి, అరచేత్తో నడుమ నుంచి అంచులకు ముడతలు తోసేస్తారు. ఒక పొరలో చిరుగున్న చోట ఇంకో పొరలోని గట్టి గుడ్డ పడేట్టు జరుపుతారు. అసలు నేర్పంతా అక్కడే ఉంది. పొరలు కదలకుండా దూరం దూరంగా టాకాలు వేసి, అంచులు మడిచి, చుట్టూ మొదలుపెట్టి లోపలికి వరుస వెంట వరుస కుట్టుకుంటూ పోతారు. సూది అన్ని పొరలూ దాటిందో లేదో అడుగున పెట్టిన ఎడమచేతి వేలికొనకు తెలుస్తుంది. దారం బిగించి లాగితే గుడ్డ కుచ్చులు పడుతుంది, వదులైతే పొరలు జారతాయి. ముడిని పొరల మధ్యకు తోసేస్తారు కాబట్టి ఒంటికి గుచ్చుకోదు. ఎండాకాలం మిద్దె మీద బొంతే పరుపు, చలికాలం అదే దుప్పటి, పసిబిడ్డకు మెత్తని పక్క. ఎక్కడైనా చిరిగితే పైన ఇంకో చీర వేసి మళ్లీ కుడతారు. బొంత బరువెక్కుతుందే గానీ పనికిరాకుండా పోదు.