ఐదు దగ్గర మారే వ్యాకరణం

‘పొప్రొషె ద్వ్యె కవి ఈ ప్యెంచ్ పొంచ్కుఫ్.’

పోలండ్‌లో మిఠాయి దుకాణాల ముందు నిలబడితే ఇలాంటి వాక్యం చెవిన పడకుండా ఉండదు. రెండు కాఫీలు, ఐదు పొంచ్కీలు కావాలని అడగడమే ఇది. పొంచ్కీ అంటే పులిసిన మైదాపిండిని ఉండలు చేసి, వేయించి, లోపల గులాబీ జామో మరొకటో నింపే తీపి వంటకం. విభూది బుధవారంతో ఉపవాసాలు మొదలవుతాయి కాబట్టి, దానికి ముందు వచ్చే గురువారం నాడు పోలండ్ అంతా వీటి కోసం బారులు తీరుతుంది. చదువుకో, ఉద్యోగానికో వార్సా వెళ్లిన తెలుగువాళ్లకు కూడా తొలి రోజుల్లోనే అవసరమయ్యే వాక్యమిది. ఉన్నవి ఆరే మాటలు. అయినా పోలిష్ వ్యాకరణంలో కొరకరాని కొయ్యలని పేరుపడ్డ అంశాలు చాలావరకు వీటిలోనే ఉన్నాయి.

మొదటి మాట ‘పొప్రొషె’. ‘నేను’ అన్న మాట వాక్యంలో ఎక్కడా లేదు. ‘అడుగుతాను’ అంటే అడిగేది నేనేనని మనకు తెలిసినట్టే, క్రియ చివరి ‘ఎ’ వల్ల పోలిష్ వాళ్లకూ తెలుస్తుంది. దీనికి జంట ‘ప్రొషె’. ప్రతి పనినీ అది సాగుతోందా, ముగుస్తుందా అన్న దృష్టితో చూడటం పోలిష్ పద్ధతి. అందుకే క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి. ‘తిన్నాను’ అనడానికీ ‘తినేశాను’ అనడానికీ మనకున్న తేడా దీనికి దగ్గరగా వస్తుంది. కాకపోతే మనం ఆ తేడాను ఇష్టమైతే చూపిస్తాం, లేకపోతే వదిలేస్తాం. పోలిష్‌లో వదిలేసే వీల్లేదు. పని ముగింపును సూచించే క్రియకు వర్తమాన ప్రత్యయం చేరిస్తే అది భవిష్యత్తు అవుతుంది. అలా ‘పొప్రొషె’ అంటే ‘అడుగుతాను’. కౌంటర్ దగ్గర ‘ఇవ్వు’ అని ఆజ్ఞాపించకుండా మర్యాదగా అడిగే తీరు అదే.

అసలు విశేషం అంకెల దగ్గర ఉంది. వాక్యంలో అంకెల్ని తారుమారు చేసి, ఐదు కాఫీలు, రెండు పొంచ్కీలు అడిగి చూడండి: ‘పొప్రొషె ప్యెంచ్ కఫ్ ఈ ద్వా పొంచ్కి.’ అంకెలు చోటు మారితే సరిపోలేదు, పక్కనున్న మాటలన్నీ రూపం మార్చుకున్నాయి. ‘కవి’ కాస్తా ‘కఫ్’ అయింది. ‘పొంచ్కుఫ్’ పోయి ‘పొంచ్కి’ వచ్చింది. ‘ద్వ్యె’ ఉన్నచోట ‘ద్వా’ చేరింది.

చివరి మార్పు తేలిక. కాఫీ స్త్రీలింగం, పొంచెక్ (పొంచ్కీకి ఏకవచనం) పుంలింగం. రెండు అనే అంకె లింగాన్ని బట్టి మారుతుంది. మిగతా రెండు మార్పులకూ కారణం ఐదు. రెండు, మూడు, నాలుగు పక్కన నామవాచకం మామూలు బహువచనంలో ఉంటుంది. ఐదు నుంచి మాత్రం షష్ఠీ బహువచనంలోకి వెళ్తుంది. అంటే పోలిష్ వాళ్లు ‘రెండు పొంచ్కీలు’ అంటారు గానీ, ఐదైతే ‘పొంచ్కీల ఐదు’ అన్నట్టు చెబుతారు. 12, 13, 14 కూడా ఐదు బాటే పడతాయి. 22కు వచ్చేసరికి చివర రెండు ఉంది కాబట్టి మళ్లీ మామూలు బహువచనం, 25కు మళ్లీ షష్ఠి. క్రియ కూడా ఈ లెక్కకే తలవంచుతుంది. రెండు పొంచ్కీలు బల్ల మీద ‘ఉన్నాయి’, ఐదు పొంచ్కీలు మాత్రం ‘ఉంది’. అది నపుంసక ఏకవచనం.

ఇదంతా కొత్తవాళ్లను ఏడిపించడానికి ఎవరో కూర్చుని రాసిన నియమం కాదు. ప్రాచీన స్లావిక్ భాషలో ఒకటి నుంచి నాలుగు వరకు అంకెలు విశేషణాలు, ఐదు మొదలుకొని నామవాచకాలు. విశేషణం తన నామాన్ని అనుసరిస్తుంది. నామవాచకం అలా కాదు, పక్క నామాన్ని షష్ఠిలోకి పంపిస్తుంది. కాలేజీలో సంస్కృతం చదివినవాళ్లకు ఇది పరాయిగా అనిపించదు. సంస్కృతంలోనూ ఒకటి నుంచి నాలుగు వరకే అంకెలకు లింగభేదం. పురుషులకు ద్వౌ, స్త్రీలకు ద్వే. ‘పంచ’ నుంచి ఆ తేడా లేదు. ‘గవాం శతం’ అంటే గోవుల వంద, అక్కడ ఉన్నదీ షష్ఠే. ద్వా, ప్యెంచ్, స్తొ అన్న మాటలు ద్వి, పంచ, శతాలకు దాయాదులే. రెండు భాషలూ ఇండో-యూరోపియన్ కుటుంబంవి కాబట్టి ఈ పోలిక కాకతాళీయం కాదు.

ఒకప్పుడు పోలిష్‌లో ద్వివచనం కూడా ఉండేది. ఇప్పుడు లేదు. కళ్లు, చెవులు, చేతులు వంటి జంట అవయవాల పేర్లలో దాని ఆనవాళ్లు మిగిలాయి. పెద్ద అంకెల్లోనైతే పాత వ్యాకరణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వంద అంటే ‘స్తొ’. 200 ‘ద్వ్యెశ్చె’, ఇది వందకు ద్వివచనం. 300 ‘త్షిస్తా’, ఇది బహువచనం. 500 ‘ప్యెంచ్‌సెత్’, ఇందులోని ‘సెత్’ షష్ఠీ బహువచనం. నాణేలు తీసి చూసినా ఇదే వరస. ఒకటి మీద ‘జ్వొతి’, రెండు మీద ‘జ్వొతె’, ఐదు మీద ‘జ్వొతిఖ్’ అని ముద్రించి ఉంటుంది. కరెన్సీ ఒకటే, విభక్తులు వేరు.

పోలిష్‌లో విభక్తులు ఏడు, సంబోధనతో కలిపి. కౌంటర్ అవతలి వ్యక్తి పొంచ్కీలు అయిపోయాయంటే ‘న్యె మా పొంచ్కుఫ్’ అంటారు. లేనిదాన్ని చెప్పడానికీ షష్ఠే వాడతారు. వస్తువు పేరే తన పాత్రను ప్రకటిస్తుంది కాబట్టి మాటల వరసకు స్వేచ్ఛ దొరుకుతుంది. ‘ద్వ్యె కవి పొప్రొషె’ అని తిరగేసి అడిగినా ఎవరూ తికమకపడరు. ముందు ఏ మాట పెడితే దానికి కాస్త ఊపు వస్తుంది, అంతే. ప్రత్యయాలు నేర్చుకోవడానికి పడే శ్రమకు దక్కే ఫలితం ఇది. తెలుగులో మాటలు అటూ ఇటూ జరిపి మాట్లాడే మనకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు పోలిష్ మనకు మరింత దగ్గరకొచ్చి, ఆ వెంటనే దూరం జరుగుతుంది. మనకు ఐదు గారెలు, ఐదుగురు మనుషులు. వాళ్లకూ ఐదు పొంచ్కీలకు ‘ప్యెంచ్’, ఐదుగురు మగవాళ్లకు ‘ప్యెంచు’, ఐదుగురు పిల్లలకు ‘ప్యెంచొరొ’. తేడా ఆడవాళ్ల దగ్గర వస్తుంది. తెలుగులో ఏకవచనంలో ‘ఆమె వచ్చింది, కుక్క వచ్చింది’ అంటూ ఇద్దరినీ ఒకే క్రియలో పడేస్తాం. బహువచనంలో మాత్రం ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ‘వచ్చారు’, కుక్కలు ‘వచ్చాయి’. పోలిష్‌లో దీనికి తలకిందులు. ఏకవచనంలో స్త్రీకి పురుషుడితో సమానంగా సొంత రూపం ఉంటుంది. బహువచనంలో మగవాళ్లు ‘ప్షిష్లి’ (వచ్చారు) అయితే, ఆడవాళ్లకూ కుక్కలకూ ఒకటే ‘ప్షిష్వి’. వందమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగవాడున్నా గుంపు మొత్తం ‘ప్షిష్లి’ అయిపోతుంది. ఏ భాష వ్యాకరణమూ మర్యాద విషయంలో పూర్తిగా కడిగిన ముత్యం కాదు.

అందుకే పోలిష్ నేర్చుకునేవాళ్లు విభక్తుల పట్టికలతో మొదలుపెట్టే కన్నా, ఇలాంటి ఒక్క వాక్యాన్ని పట్టుకుని అంకెలు, వస్తువులు మార్చి మార్చి అడగడం మేలు. కాఫీ బదులు టీ, ఐదు బదులు మూడు, మూడు బదులు ఇరవై రెండు. ప్రతి మార్పుకూ ఏది కదిలిందో, ఎందుకు కదిలిందో తెలిస్తే పట్టిక దానంతట అదే మనసులో తయారవుతుంది. ‘ఐదు దగ్గరే ఎందుకు మారాలి?’ అని విసుగొస్తే, తెలుగు నేర్చుకునే పోలిష్ మనిషి అడగబోయే ప్రశ్నకు కూడా జవాబు సిద్ధం చేసుకోవాలి: ఏడు వరకు ‘ఏడుగురు’ అన్నవాళ్లు, ఎనిమిది రాగానే ‘ఎనిమిది మంది’ ఎందుకంటున్నారు?