బంతి కూర్చోబెట్టే నేర్పు

పామూరు, కనిగిరి, మార్కాపురం వైపు పెళ్ళి భోజనం గురించి మాట్లాడేటప్పుడు వంట రుచి ఎంత ముఖ్యమో, బంతి ఎలా నడిచిందన్నదీ అంతే ముఖ్యం. బంతి నడపడమంటే వడ్డన ఒక్కటే అనుకుంటారు చాలామంది. అసలు నేర్పు వడ్డన మొదలుకాక ముందే, మనుషులను కూర్చోబెట్టడంలో ఉందని నా వాదన. ఎవరు ఏ బంతిలో, ఎవరి పక్కన కూర్చోవాలన్నది వచ్చినవాళ్ళకు వదిలేయకుండా పిలిచినవాళ్ళే చూసుకోవడం మర్యాదలో సగం. ఈ పని ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో ఎవరిదీ కాకుండా పోయింది. భోజనాల దగ్గర తొక్కిడికీ, పెద్దవాళ్ళ చిన్నబోయిన ముఖాలకూ కారణం అదే.

పాత పద్ధతిలో పందిట్లో పట్టాలు పరిచి, ఎదురెదురుగా రెండు వరుసలు వేసి, వడ్డించేవాళ్ళు ఇద్దరు ఒకరినొకరు దాటి వెళ్ళేంత దారి మధ్యలో వదిలేవారు. వరుసల మొదట్లో ఒక పెద్దమనిషి నిలబడేవాడు. వంటతో గానీ వడ్డనతో గానీ ఆయనకు పనిలేదు. చుట్టాలందరి వరుసలూ తెలిసినవాడు, అంతే. ఎవరికి చివరి బస్సు అందుకోవాల్సి ఉందో, షుగరుండి ఆకలికి ఆగలేనివాళ్ళెవరో, ఏ ఇద్దరికి మాటలు లేవో ఆయనకు తెలుసు. “బాబాయ్, మీరిటు రండి”, “అక్కా, పిల్లలతో ఆ చివర కూర్చో, గాలొస్తుంది” అంటూ రెండు వరుసలూ నిండేదాకా చూసి, అప్పుడు విస్తళ్ళు వేయించేవాడు. అరటాకైతే కొస తినేవారి ఎడమచేతి వైపు ఉండాలి. నీళ్ళు చల్లి తుడిచాక ఉప్పు, పచ్చడి, కూర, వేపుడు, తీపి, పులిహోర పైవరుసలో పడతాయి. ఆ తర్వాత అన్నం, పప్పు, నెయ్యి. చివరి విస్తట్లో అన్నం పడేదాకా మొదటివాడు చెయ్యి పెట్టడు. ఒక్కో పదార్థం ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది కాబట్టి ఒక్క నడకలో వరుస పూర్తవుతుంది. మధ్యలో ఒకరు ఆలస్యంగా వచ్చి కూర్చుంటే ఆ ఒక్క విస్తరి కోసం ఉప్పు నుంచి నెయ్యి దాకా అందరూ వెనక్కి తిరిగి రావాలి. అందుకే బంతి నిండాకే వడ్డన. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఊరికే పుట్టలేదు. కడబంతికి అన్యాయం జరుగుతుందని అందరికీ తెలుసు. మారు వడ్డన అటు చివర నుంచి మొదలుపెట్టించడం, గారెలు ఎన్ని విస్తళ్ళకు సరిపోతాయో ముందే చూసుకోవడం ఆ అన్యాయానికి విరుగుడు.

సముద్రం మీద తిరిగే విహార నౌకల్లోనూ ఇదే కథ. వేలమంది ప్రయాణికులు ఒకేసారి పట్టరు కాబట్టి పెద్ద భోజనశాలలో సాయంత్రం ఒక బంతి, రాత్రి ఒక బంతి పెట్టి, ఒక్కో కుటుంబానికి ఒక టేబుల్ నంబరు ఇవ్వడం అక్కడి పాత పద్ధతి. ప్రయాణమంతా అదే టేబుల్, అదే తోటివాళ్ళు, అదే వెయిటర్. రెండోరోజుకే ఎవరికి కారం పడదో వెయిటరుకు తెలిసిపోతుంది. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ 2000లో ‘ఫ్రీస్టైల్’ పేరుతో ఈ కట్టుబాటు తీసేసింది. కావలసిన వేళకు వచ్చి తినవచ్చు. అయినా గుమ్మం దగ్గర నిలబడి, ఖాళీ చూసి, తీసుకెళ్ళి కూర్చోబెట్టే మనిషి మాత్రం అక్కడే ఉన్నాడు. మనం వేళనూ వదిలేశాం, ఆ మనిషినీ వదిలేశాం. అందుకే తింటున్నవాళ్ళ కుర్చీల వెనక తర్వాతివాళ్ళు కాచుకుని నిలబడుతున్నారు. వెనక మనిషి నిలబడి ఉంటే మజ్జిగ దాకా నెమ్మదిగా తినగలిగేదెవరు?

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న ఈ అధికారమే కొన్ని కులాలవాళ్ళను పందిరి బయట ఉంచింది, మగపెళ్ళివారిని ముందూ ఇంటి ఆడవాళ్ళను చిట్టచివరా కూర్చోబెట్టింది. అది నిజం, అది అవమానం. టైటానిక్ నౌకలోనూ మూడు తరగతులకు మూడు వేరువేరు భోజనశాలలు. అయితే ఆ తప్పును దిద్దినవాళ్ళు కూడా బంతినే సాధనం చేసుకున్నారు. మనకు పొరుగున ఉన్న పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని పల్నాటి వీరుల కథ చెబుతుంది. కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఆ చాపకూడు నేటికీ సాగుతోంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో, వెయ్యేసిమంది పట్టే నాలుగు హాళ్ళలో జరుగుతోంది. అక్కడ వచ్చిన వరుసలోనే కూర్చోబెడతారు, పక్కన ఎవరన్నది ఎవరూ ఎంచుకోరు. పుట్టుకను బట్టి కాకుండా వచ్చిన క్రమాన్ని, అవసరాన్ని బట్టి చోటు ఇస్తే బంతికి మించిన సమానత్వం లేదు. ఎవరికి వాళ్ళు చోటు వెతుక్కోమంటే బలమున్నవాడికే ముందు దొరుకుతుంది, కులం చూసుకుని పక్కకు జరిగేవాడికీ వీలు చిక్కుతుంది.

బఫేలో ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుంటారు, వృథా తగ్గుతుంది అంటారు. మళ్ళీ వరుసలో నిలబడాలన్న భయంతో ఒకేసారి పళ్ళెం నింపుకోవడం కూడా అక్కడే చూస్తున్నాం. బంతిలోనూ కొసరి కొసరి వడ్డించి పారేయించే అలవాటుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే గరిటె ఆగాలి. అది వడ్డించేవాళ్ళకు నేర్పాల్సిన సంగతి, బంతిని తీసేయాల్సినంత కారణం కాదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు చేత్తో పళ్ళెం పట్టుకుని నిలబడి తినడంలో స్వేచ్ఛ ఏముందో నాకు అర్థం కాదు.

నేల మీద పట్టాలు మళ్ళీ పరవమని అనడం లేదు. టేబుళ్ళూ కుర్చీలూ ఉండనివ్వండి. ఒక బంతి లేచి, టేబుళ్ళు తుడిచేదాకా హాలు తలుపు మూసి ఉంచి, బయట కుర్చీలు వేసి, చుట్టాలను ఎరిగిన ఒకరిద్దరిని గుమ్మం దగ్గర నిలబెడితే చాలు. ఇంటి ఆడవాళ్ళను రెండో బంతిలోనే కూర్చోబెట్టి, ఆ బంతికి మగవాళ్ళు వడ్డించాలి. వంటవాళ్ళు, మేళగాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళకు కూర, పెరుగు ముందే తీసిపెట్టి, వాళ్ళనూ పేరు పెట్టి పిలిచి, విస్తరి వేసి వడ్డించేదాకా ఆ గుమ్మం దగ్గరి మనిషి పని పూర్తయినట్టు కాదు.