కుంపటి ఎక్కడ ఉండాలి

రాయచూరు బజారులో సరాఫ్ కొట్ల ముందు ఈ వారం ఎక్కడ చూసినా ఒకటే అట్ట వేలాడుతోంది: పాత వెండి తీసుకుంటాం. 2025 చివరికి కిలో వెండి రెండు లక్షలు దాటినప్పటి నుంచి ఊళ్లలో ట్రంకు పెట్టెల అడుగున పడి ఉన్నవన్నీ బయటికొస్తున్నాయి. లింగసుగూరు వైపు తండా నుంచి వచ్చిన ఒక లంబాడీ అవ్వ తన టోప్లీలు, ఘుగ్రీలు మూట విప్పి కాటా మీద పెట్టింది. జుట్టుకు కట్టి చెంపల పక్కన వేలాడదీసుకునేవి అవి. కొట్టాయన వాటి పనితనం వైపు చూడనే లేదు. అంకె చూశాడు, ఒక మూల ఆకురాయితో గీకాడు, తరుగు తీసి ధర చెప్పాడు, పక్కనున్న రేకు డబ్బాలో పడేశాడు. డబ్బు లెక్కపెట్టుకుంటున్న అవ్వ ముఖంలో బాధేమీ కనిపించలేదు. కోపం వచ్చింది నాకే.

పాత వెండి కరిగించవద్దన్నది నా పాత పట్టుదల. ఈ కాలమ్ చదివేవాళ్లు ఇప్పటికి చాలాసార్లు విన్నారు. పండక్కి చింతపండుతో తోముకోండి, అతుకు ఊడితే అతికించుకోండి, మనవరాలు వేసుకోనంటే గూట్లో పెట్టుకోండి, కరిగించడం మాత్రం వద్దు అని రాస్తూనే ఉన్నాను. ఇంట్లో నా పనిబల్ల దగ్గరికి కడియాలు పట్టుకొచ్చి, వీటితో సన్న పట్టీలు చేసివ్వమని అడిగినవాళ్లను వెనక్కి పంపాను. వెండి కావాలంటే కొత్తది కొనండి, ఇది మీ అమ్మమ్మది అన్నాను.

ఆ మాట వెనక ఉన్నది జాలి కాదు, పని మీద గౌరవం. చేత్తో చేసిన కడియం ఎలా తయారవుతుందో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. మూసలో వెండి, పైన వెలిగారం. 962 డిగ్రీల దగ్గర వెండి కరుగుతుంది, కరిగినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను విపరీతంగా పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్నంతా ఒక్కసారిగా వదిలేస్తే పైపొర చిట్లి, లోపల బొరియలు పడతాయి. అందుకే కరిగిన వెండి మీద బొగ్గు ముక్క వేసి గాలి తగలకుండా కాస్తారు. పోసిన కడ్డీని సుత్తితో సాగదీస్తే కాసేపటికి అది బిరుసెక్కి మాట వినదు. మళ్లీ మంట పెట్టి, మసక ఎరుపు రాగానే నీళ్లలో ముంచి మెత్తబరచాలి. మళ్లీ కొట్టాలి, మళ్లీ కాల్చాలి. తీగ కావాలంటే కమ్మచ్చులో ఒక్కో బెజ్జం దాటించి లాగాలి, పెద్దది నుంచి చిన్నదానికి, మధ్యమధ్య మళ్లీ మంట. రాయచూరు వేసవిలో ఈ పని చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకపోతే మంట ఒక పక్కకు వాలిపోయి టంకం పారదు. ఇంత చాకిరీని ఒక్క రేకు డబ్బా చప్పుడుతో తేల్చేస్తే మనసుకు పడుతుందా?

ఆ కోపంతోనే ఇంటికొచ్చాను. కూర్చుంటే మా తాత గుర్తొచ్చాడు. రక్తసంబంధం లేదు, నాకు పని నేర్పిన పత్తార్, అంటే కంసాలి, ఆయన. ఊరంతా ఆయన్ని పత్తార్ తాత అనేది, నేను ఉత్త తాత అనేదాన్ని.

ఆయన పుట్టింది బంగారం పని ఇంట్లో. వాళ్ల నాన్న పుస్తెలు, కమ్మలు, గుండ్లు చేసేవాడు. 1963 జనవరిలో ఒక రాత్రి రేడియోలో వార్త వచ్చింది. చైనా యుద్ధం అప్పుడే ముగిసింది, దేశం దగ్గర విదేశీ మారకద్రవ్యం లేదు, బంగారం దొంగచాటుగా వస్తోంది. ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ స్వర్ణ నియంత్రణ తెచ్చారు. అప్పటి నుంచి 14 క్యారెట్లకు మించిన నగ చేయకూడదు. ఇక్కడ పుస్తె 22కు తగ్గితే పెళ్లివారు ముట్టుకోరు. 14 క్యారెట్లంటే అందులో పదింట నాలుగు వంతులకు పైగా రాగీ వెండీయే. ఆ రంగు చూసి జనం మొహం తిప్పుకున్నారు. అంత కలిపిన లోహం సుత్తి కింద పాత అలవాటుకు లొంగేది కాదు, అంచుల్లో పగిలేది. దేశమంతటా లక్షల కుటుంబాల కుంపట్లు ఆరిపోయాయి. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం అప్పులిస్తాం, వేరే పని నేర్పిస్తాం అన్నది. నలభై ఏళ్లుగా పుస్తెలు చేసిన మనిషికి వేరే పని ఏం నేర్పుతారు?

మా జిల్లాలో ఈ కథకు ఇంకొక పక్క ఉంది, దాన్ని తలచుకున్నప్పుడల్లా నా కడుపు మండుతుంది. హట్టి గనులు ఇక్కడే, లింగసుగూరు తాలూకాలో ఉన్నాయి. నిజాం కాలం చివరలో మళ్లీ మొదలై, 1948 నుంచి బంగారం తీస్తున్నాయి. పాతకాలపు మనుషులు అక్కడే ఇనుప ఉలులతో, రాతిని మంటపెట్టి పగలగొడుతూ ఆరు వందల అడుగులకు పైగా లోతుకు దిగారు. పక్కనే మస్కి. 1915లో బంగారం జాడ వెతుకుతూ తిరుగుతున్న గని ఇంజనీరు బీడన్ కంటపడింది అక్కడి అశోకుడి శాసనం. దేవానాంప్రియుడు అశోకుడే అని ప్రపంచానికి తేల్చిచెప్పిన రాయి అది. అంత పాతది మా నేలకూ బంగారానికీ ఉన్న సంబంధం. 1963లో ఆ గనిలోంచి రోజూ బంగారం పైకొస్తూనే ఉంది. అదే జిల్లాలో బంగారం పనివాడు పొయ్యి మీద గంజి కాచుకోవడానికి పక్కింట్లో జొన్నలు బదులు అడిగాడు.

చట్టం వెండి జోలికి రాలేదు. అందుకని తాత వాళ్ల నాన్న వెండిలోకి దిగాడు, అప్పటికి కుర్రవాడైన తాతను కూడా దింపాడు. మెట్టెలు, మొలతాళ్లు, కాలి కడియాలు, మొక్కుబడి కళ్లు, చిన్న ఉయ్యాలలు. వీటికి తోడు లింగాయతుల ఊళ్లు కాబట్టి కరడిగెలు, అంటే ఇష్టలింగాన్ని పెట్టి మెడలో వేసుకునే వెండి కాయలు. బంగారం పనివాడికి వెండి సులువే కదా అనుకుంటాం. తాత ఒప్పుకునేవాడు కాదు. బంగారానికి అతుకు దగ్గర ఊదుగొట్టంతో ఊదితే చాలు. లోహాలన్నిటిలో వేడిని అతి వేగంగా పాకించేది వెండి. ఒకచోట ఊదితే వేడంతా వస్తువులోకి పారిపోతుంది, టంకం మాత్రం కదలదు. వస్తువు మొత్తాన్ని సమంగా కాచి, అన్నీ ఒకేసారి వేడెక్కాక, చివరి క్షణంలో మంటను అతుకు మీదకు తేవాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే అతుకుతో పాటు వస్తువూ కూలుతుంది. వాళ్ల నాన్నకు నలభై ఏళ్ల చేతి అలవాటును విప్పి మళ్లీ కట్టుకోవడానికి చాలా కాలం పట్టిందట. కుర్రవాడు కాబట్టి తాతకు త్వరగా వచ్చింది. నా చేతికి ఆయన నేర్పిన మొదటి పాఠం అదే: అతుకును చూడకు, మొత్తాన్ని చూడు.

ఇక నేను ఇన్నాళ్లూ తెలిసీ పట్టించుకోని సంగతి. 1963 సెప్టెంబరులో ప్రభుత్వం ఒక సడలింపు ఇచ్చింది. కొత్త బంగారంతో కుదరదు కానీ, జనం తెచ్చిచ్చిన పాత నగలను కరిగించి 14 క్యారెట్లకు మించిన నగలే తిరిగి చేసిపెట్టవచ్చు అన్నది. క్యారెట్ల నిబంధన పోయింది 1966లో, 1968లో చట్టంగా మారిన నియంత్రణ పూర్తిగా రద్దయింది 1990లో. ఆ మధ్యకాలంలో పత్తార్ల ఇళ్లల్లో కుంపటి వెలిగిందంటే అది ఊరి ఆడవాళ్ల పాత నగల వల్లే. అమ్మమ్మ కంటె కరిగి మనవరాలి గొలుసైంది, ఆ కూలితో పత్తార్ ఇంట్లో అన్నం ఉడికింది. తాత వాళ్ల నాన్న మళ్లీ బంగారం పట్టుకున్నది అలాగే. తాత మాత్రం వెండిలోనే ఉండిపోయాడు.

ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఏదని ఒకసారి అడిగాను. సింధనూరు పక్క రైతు ఇంటికి చేసిన ఒక జత కడియాలన్నాడు. చివర్లలో మొసలి తలలు, మూతి దగ్గర మర. చూపించమన్నాను. కరిగించానన్నాడు. ఎప్పుడన్నాను. వాళ్లమ్మాయి పెళ్లికి నడుము గొలుసు కావాలన్నారు, నేనే కరిగించాను అన్నాడు. ఆ నడుము గొలుసునూ మళ్లీ ఆయనే కరిగించి పిల్లలకు పట్టీలు చేశాడు. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఏ దిగులూ లేదు. ఆ ఇంటి వెండి మూడు తరాలు తన చేతి కిందే ఉందన్న తృప్తి ఉంది. అప్పుడు ఆ తృప్తిని నేను అలవాటనుకుని వదిలేశాను.

ఈ వారం కొట్టులో చూసిందీ తాత చెప్పిందీ పక్కపక్కన పెట్టుకుంటే, నా కోపం కరిగించడం మీద కాదని తేలింది. మా పత్తార్ల పని బతికిందే కరిగించడం వల్ల. కరగని వస్తువు గూట్లో ఉంటుంది, పనివాడికి పని ఉండదు. పని లేని చెయ్యి ఒక తరంలోనే మరిచిపోతుంది. అవన్నీ గూట్లో పెట్టుకోండి అని నేను చెప్పిన ప్రతిసారీ, తిరిగి చేయగల మనిషి చేతిలోంచి ఒక పని తప్పిపోయింది. అవ్వ టోప్లీలు పడ్డ ఆ రేకు డబ్బా ఎక్కడికి పోతుందన్నదే నన్ను కాల్చిన ప్రశ్న. అది శుద్ధి చేసే వాళ్లకు పోతుంది, కడ్డీలవుతుంది. ప్రపంచంలో వాడే వెండిలో సగానికి పైగా ఇప్పుడు పరిశ్రమలదే, సోలార్ పలకల మీది సన్న గీతలూ అందులోవే. నగల కోసం మిగిలింది ఆగ్రాకో రాజ్‌కోట్‌కో సేలంకో వెళుతుంది. మన కొట్టుకు తిరిగొచ్చేది మెషిన్ గొలుసు. ఊరి వెండి ఊరి కుంపటిని ముట్టకుండానే ఊరు దాటిపోయింది. తాత ఇంట్లో మూడు తరాలు తిరిగిన ఆ చక్రం ఇక్కడ తెగింది.

అందుకని మొన్న మా వీధి పెద్దమ్మ తన అత్తగారి కడియాలు తెచ్చి, "కరిగిచ్చి ఇయ్యమ్మా, మనవరాలు ఇంత బరువు కాలికి ఏసుకోదు" అంటే సరేనన్నాను. ముందు వాటి నకాషీని మైనం మీద అచ్చు తీసుకున్నాను, కాగితం మీద కొలతలతో బొమ్మ గీశాను. అతుకులున్న చోట్లను రంపంతో కోసి విడిగా పెట్టాను, ఎందుకంటే పాత టంకంలో ఇత్తడి ఉంటుంది, అది కలిస్తే వెండి పెళుసవుతుంది. ఆ ముక్కలు కూడా పెద్దమ్మవే, తూచి ఆమెకే ఇచ్చాను. కరిగించేటప్పుడు ఎదురుగా కూర్చోవాలని ఒక్క షరతు పెట్టాను. పాతకాలంలో పత్తార్ మీద నమ్మకం చాలక కూర్చునేవాళ్లంటారు. ఎందుకు కూర్చున్నా, తన వెండి తన కళ్ల ముందే రూపు మారడం చూసినవాళ్లు ఆ కూలికి బేరమాడరు.

కూలి సంగతి వచ్చింది కాబట్టి, నా ఇంకో పాత మంకు కూడా చెబుతాను. గ్రాముకు ఇంత అని కూలి కట్టే పద్ధతి చేతిపనిని చంపుతోంది. వస్తువు ఎంత సన్నబడితే చాకిరీ అంత పెరుగుతుంది, కూలి అంత తగ్గుతుంది. కరీంనగర్ తీగపని చేసేవాళ్లను అడగండి, వెంట్రుకంత వెండి తీగతో రోజంతా అల్లిన ఆకు కాటా మీద ఎంత తూగుతుందో. పెద్దమ్మ మనవరాలి పట్టీలకు నేను గంటల లెక్కన తీసుకుంటానన్నాను. పెద్దమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

ఒక్క దగ్గర మాత్రం నా పాత మాట మీదే నిలబడతాను. టోప్లీ చేయడం నాకు రాదు, నాకు నేర్పిన తాతకూ రాదు. అలాంటిది నా బల్ల మీదకు వస్తే మూసలో వేయను. మళ్లీ చేయగల చెయ్యి ముందు కనిపించాలి, కరిగించడం ఆ తర్వాతే.

ధర ఇలా ఉన్నంతకాలం మీరూ పెట్టెలు తెరుస్తారు, తెరవొద్దని ఇక చెప్పను. కొట్టుకు వెళ్లినప్పుడు మాత్రం ధర కంటే ముందు ఒక ప్రశ్న అడగండి: దీన్ని ఇక్కడే కరిగించి ఇక్కడే చేస్తారా, బయటికి పంపుతారా? బయటికే అంటే మూట కట్టుకుని లేవండి. మానవిలో, సింధనూరులో, లింగసుగూరులో ఇంట్లోనే కుంపటి పెట్టుకున్న పత్తార్లు ఇంకా ఉన్నారు. పాత ఇళ్ల సందుల్లో నిలబడి ఎవరినడిగినా దారి చూపిస్తారు.