మూడు నిమిషాల్లో అశ్వహృదయం

1986 వేసవి. జర్మనీలోని ఆహెన్ పట్టణంలో షో జంపింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి రోజు. వారం పాటు సాగిన పోటీలో చివరికి నలుగురు రౌతులు, నాలుగు గుర్రాలు మిగిలాయి. కెనడా నుంచి వచ్చిన గెయిల్ గ్రీనో తన గుర్రం మిస్టర్ టీ మీద ఒక్క కర్ర కూడా కిందపడకుండా కంచెలన్నీ దాటి వచ్చారు. వేరే పోటీ అయితే ఆమె పని అక్కడితో అయిపోయేదే. కానీ ఇక్కడ అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. మిస్టర్ టీ పగ్గాలు ప్రత్యర్థి చేతికి అప్పగించి, తాను ప్రత్యర్థి గుర్రం ఎక్కాలి.

ఆ గుర్రాలు ఒకదానితో ఒకటి పోలిక లేనివి. అమెరికా రౌతు కాన్రాడ్ హోమ్‌ఫెల్డ్ తెచ్చిన అబ్దుల్లా తెల్లని మగ గుర్రం. బ్రిటన్ రౌతు నిక్ స్కెల్టన్ గుర్రం అపోలో భారీ శరీరం గలది. ఫ్రాన్స్ రౌతు పియర్ డ్యురాన్ గుర్రం జాపెలూ పొట్టిది, చురుకైనది, ఓ పట్టాన లొంగనిది. రెండేళ్ల ముందు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అది కంచె ముందు ఆగిపోయి సొంత యజమానినే కింద పడేసింది. గ్రీనో ఈ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కారు. మూడింటి మీదా ఒక్క తప్పు లేకుండా దాటారు. స్త్రీ పురుషులు కలిసి పోటీపడే ఈ చాంపియన్‌షిప్‌ను గెలిచిన మొదటి మహిళ ఆమే.

మనం 'రౌతు కొద్దీ గుర్రం' అంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో మైదానంలో అందరి ముందూ తేల్చి చూపిన పోటీ ఇది.

1953లో పారిస్‌లో జరిగిన మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే ఈ పద్ధతి ఉంది. అప్పుడు స్పెయిన్ రౌతు ఫ్రాన్సిస్కో గోయోయాగా గెలిచారు. 2014లో ఫ్రాన్స్‌లోని నార్మండీ పోటీల దాకా, అరవై ఏళ్లకు పైగా ఇది కొనసాగింది. నియమం వినడానికి తేలికే. ముందు రోజుల పోటీల్లో వడపోత జరిగి నలుగురు మిగులుతారు. ప్రతి ఒక్కరూ ముందు తమ గుర్రం మీద, ఆ తర్వాత వంతులవారీగా మిగిలిన ముగ్గురి గుర్రాల మీద అదే దారిలో కంచెలు దాటాలి. మొత్తం పదహారు సవారీలు. కర్ర పడితే 4 తప్పులు, గుర్రం కంచె ముందు మొరాయిస్తే మరికొన్ని తప్పులు, గడువు దాటితే దానికి వేరే కోత. ఎవరి లెక్క తక్కువైతే వారే విజేత.

ఈ నియమం వెనక పాత తగాదా ఒకటి ఉంది. గుర్రప్పందెం గెలిచినప్పుడల్లా 'గెలిచింది రౌతా, గుర్రమా?' అనే ప్రశ్న వస్తూనే ఉంటుంది. డబ్బున్న యజమాని గొప్ప గుర్రాన్ని కొని ఇస్తే, సగటు రౌతు కూడా గొప్పవాడిలా కనిపిస్తాడు. గుర్రాలు మార్చుకోవడం ఆ తగాదాను లెక్కల పలకమీద పెట్టి తేల్చింది. అడ్డంగా నాలుగు గడులు, నిలువుగా నాలుగు గడులు గీయండి. ఒక వరుసను అడ్డంగా కూడితే రౌతు ఎంతటివాడో తెలుస్తుంది. నిలువుగా కూడితే గుర్రం ఎంతటిదో తెలుస్తుంది. రౌతుకు పతకం ఇచ్చినట్టే, నిలువు లెక్కలో మేలైన గుర్రానికీ 'ఉత్తమ అశ్వం' గౌరవం ఇచ్చేవారు.

ఇక విద్య సంగతి. కొత్త గుర్రం ఎక్కాక రౌతుకు దొరికేది మూడు నిమిషాలు, రెండు సాధన గెంతులు. అంతే. అందుకే తెలిసిన రౌతు పని ఎక్కకముందే మొదలవుతుంది. అతను గట్టు పక్కన నిలబడి ఆ గుర్రాన్ని దాని యజమాని ఎలా నడుపుతున్నాడో చూస్తాడు. కంచెకు ఎంత దూరం నుంచి లేస్తోంది, కళ్ళెం మీద వాలుతోందా, తల ఎగరేస్తోందా, దిగాక కుడివైపు తిరగడం దానికి సులువా, ఎడమవైపా, చెవులు ఎప్పుడు ముందుకు నిక్కుతున్నాయి, ఎప్పుడు వెనక్కి వాలుతున్నాయి: ఇవన్నీ మనసులో రాసుకుంటాడు.

ఎక్కాక రికాబుల పొడవు సరిచేసుకుని, మొదట పగ్గాలతో పలకరిస్తాడు. కొన్ని గుర్రాల నోరు మెత్తన. వేలు కదిపితే చాలు, వింటాయి. అలాంటిదాన్ని గట్టిగా లాగితే బెదిరి నడుము బిగించేస్తుంది. కొన్ని గుర్రాలకు చేతిలో బరువు ఉంటేనే ధైర్యం. వాటికి పగ్గం వదులు చేస్తే దారి తప్పినట్టు తడబడతాయి. తర్వాత కాలితో పలకరింపు. వేడి రక్తం గుర్రానికి పిక్క తాకితే చాలు, బాణంలా దూసుకుపోతుంది. భయపడి కాలు దూరంగా పెట్టుకున్నా ప్రమాదమే. దూరంగా ఉన్న కాలు హఠాత్తుగా తగిలితే అది ఇంకా ఉలిక్కిపడుతుంది. కాబట్టి కాలు అక్కడే, నిశ్శబ్దంగా, ఆనీ ఆననట్టు ఉండాలి. నిదానం గుర్రానికి అయితే ప్రతి అడుగూ కాలితో గుర్తు చేస్తూనే ఉండాలి.

మూడో పలకరింపు దౌడుతో. ఇది అన్నిటికన్నా కీలకం. దౌడులో గుర్రం అంగ సుమారు మూడున్నర మీటర్లు. కంచెలు అమర్చేవారు ఈ కొలత చేతిలో పెట్టుకునే దూరాలు నిర్ణయిస్తారు. రెండు కంచెల మధ్య సుమారు ఎనిమిది మీటర్లు ఉంటే, దిగడానికి కొంత, లేవడానికి కొంత పోను మధ్యలో ఒక్క అంగకే చోటు. అంగ పొడవుగా వేసే గుర్రానికి ఆ చోటు ఇరుకు, పొట్టి గుర్రానికి అదే చోటు మైదానం. రౌతు తన నడుముతో, వీపుతో, పగ్గం చిన్న బిగింపుతో ఆ అంగను కుదించాలి, లేదా సాగదీయాలి. బిగించి వెంటనే వదిలే ఆ చిన్న సైగలోనే సగం విద్య ఉంది. బిగించి వదలకపోతే అది సైగ కాదు, పోట్లాట.

మిగిలేవి రెండు గెంతులు. ఒకటి నిట్టనిలువు కంచె మీద, ఒకటి ఆక్సర్ అనే వెడల్పాటి జంట కంచె మీద. నిలువు కంచె గుర్రం ఓపికను చూపిస్తుంది. తొందరపడే గుర్రం దానికి మరీ దగ్గరగా వెళ్లి ముంగాళ్లతో కర్రను తన్నేస్తుంది. ఆక్సర్ గుర్రం మనసు విప్పి చూపిస్తుంది. రౌతు మీద నమ్మకం లేని గుర్రం వెడల్పు చూసి గాలిలో ముడుచుకుపోతుంది. మూడు నిమిషాల్లో ఏ గుర్రానికీ కొత్తగా ఏమీ నేర్పలేం. అది ఇదివరకు ఏం నేర్చుకుందో అడిగి తెలుసుకోగలం, అంతే. ఈ పోటీలో ఓడినవారిలో చాలామంది అడగవలసిన చోట నేర్పబోయినవారే.

అంతకన్నా కష్టమైనది మరచిపోవడం. అబ్దుల్లా కోసం బిగించిన కండరాన్ని జాపెలూ ఎక్కేసరికి వదిలించుకోవాలి. చేతికి పట్టుబడిన అలవాటు కొద్ది నిమిషాల్లో తప్పు అయిపోతుంది. ఒక్క పొరపాటు ఎంత ఖరీదైనదో ఐర్లండ్ రౌతు ఎడ్డీ మాకెన్‌ను చూస్తే తెలుస్తుంది. 1974లో ఇంగ్లండ్‌లోని హిక్‌స్టెడ్‌లో ఆయన జర్మనీ రౌతు హార్ట్‌విగ్ స్టీన్‌కెన్‌తో సమంగా నిలిచి, అదనపు పోటీలో ఓడి రెండో స్థానంతో తిరిగి వెళ్లారు. 1978లో ఆహెన్‌లో మళ్లీ చివరి నలుగురిలో నిలిచారు. ఈసారి జర్మనీ రౌతు గెర్డ్ విల్ట్‌ఫాంగ్ చేతిలో ఓడిపోయింది కేవలం పావు తప్పు తేడాతో. నాలుగు గుర్రాల మీద ఎన్నో కంచెలు దాటి, ప్రపంచ కిరీటాన్ని గడియారం ముల్లు దగ్గర పోగొట్టుకున్నారు.

ఇదంతా రౌతు వైపు నుంచి. గుర్రం వైపు నుంచి చూస్తే ఈ సంప్రదాయం ఇంకా లోతైనది. ఏళ్ల తరబడి ఒకే మనిషితో ఉన్న గుర్రానికి ఒక ఇంటిభాష పుడుతుంది. యజమాని నాలుక చప్పరిస్తే ఒక అర్థం, భుజం వంచితే ఇంకో అర్థం. ఆ భాష ఎంత ముద్దుగా ఉన్నా ఇల్లు దాటితే చెల్లదు. చివరి నలుగురిలోకి చేరాలని కోరుకునే రౌతు తన గుర్రానికి ఇంటిభాషతో పాటు అందరి భాషా నేర్పాలి. కాలు అంటే ముందుకు, నడుము బిగిస్తే నిదానం, చెయ్యి వదిలితే నమ్మకం. ఎవరు ఎక్కినా వినగల గుర్రమే నిజంగా చదువుకున్న గుర్రం.

ఇక్కడే నన్ను ఎప్పుడూ కదిలించే సంగతి ఉంది. గుర్రాన్ని ఎంత బాగా తీర్చిదిద్దితే అంతగా ప్రత్యర్థులకు మేలు చేసినట్టే. 1990లో స్టాక్‌హోమ్‌లో అమెరికా రౌతు గ్రెగ్ బెస్ట్ తెల్ల గుర్రం జెమ్ ట్విస్ట్ ఉత్తమ అశ్వంగా నిలిచింది. బెస్ట్ మాత్రం నాలుగో స్థానంలో మిగిలారు. 2010లో అమెరికాలోని కెంటకీలో కెనడా రౌతు ఎరిక్ లమేజ్ గుర్రం హిక్‌స్టెడ్ ఉత్తమ అశ్వం. లమేజ్‌ది మూడో స్థానం. 2014లో అమెరికా రౌతు బీజీ మాడెన్ గుర్రం కోర్టెస్‌కూ అదే గౌరవం, ఆమెకూ మూడో స్థానమే. తమ చేతులమీదుగా పెరిగిన గుర్రం ఎదుటివారిని కర్ర పడకుండా మోసుకెళ్తుంటే గట్టు మీద నిలబడి చూడటం ఎలాంటి అనుభవమై ఉంటుంది! ఓటమి అనడానికి నోరు రాదు. శిష్యుడు వేరే ఊళ్లో సభ మెప్పిస్తుంటే వెనక వరుసలో కూర్చుని విన్న గురువు ఆనందానికి దగ్గరి మాట అది.

అదే కెంటకీలో బెల్జియం రౌతు ఫిలిప్ ల జన్ నాలుగు గుర్రాల మీదా తప్పు లేకుండా దాటి గెలిచారు. గ్రీనో సాధించినది అదృష్టం కాదని, ఈ విద్యకు నిజంగా ఒక శిఖరం ఉందని ఇరవై నాలుగేళ్ల తర్వాత ఇంకోసారి రుజువైంది.

2018లో అమెరికాలోని ట్రయాన్‌లో జరిగిన పోటీల నుంచి గుర్రాలు మార్చుకోవడం ఆగిపోయింది. ఆ ఏడాది జర్మనీ రౌతు సిమోన్ బ్లూమ్ తన గుర్రం ఆలిస్ మీదే ప్రతి సవారీ చేసి గెలిచారు. ఆపడానికి బలమైన కారణాలే ఉన్నాయి. వారమంతా దూకి అలసిన గుర్రాన్ని చివరి రోజు నలుగురు ఎక్కడం దాని ఒంటికి భారం. కోట్లు పెట్టి కొన్న గుర్రాన్ని పరాయి చేతికి అప్పగించడానికి యజమానులు జంకారు. గుర్రం తరఫున చెప్పిన మాటకు నేను తల వంచుతాను. నోరులేని జీవి అలసటను తూచకుండా ఏ సంప్రదాయాన్నీ కాపాడుకోనక్కరలేదు.

పరాయి గుర్రం ఎక్కడం ఎంత చెడగలదో టోక్యో ఒలింపిక్స్ చూపించింది. ఐదు క్రీడలు కలిసిన మోడర్న్ పెంటాథ్లాన్‌లో చీటీ తీసి ఇచ్చిన గుర్రంతో పరిచయానికి ఇరవై నిమిషాలు ఇచ్చేవారు. 2021లో అక్కడ ఒక గుర్రం బెదిరి మొరాయించింది. రౌతు కన్నీళ్లతో కొరడా వాడటం, గుర్రానికి దెబ్బ తగలడం లోకమంతా చూసింది. 2024 పారిస్ పోటీల తర్వాత ఆ క్రీడ నుంచి గుర్రపు స్వారీనే తీసేశారు. ఆహెన్‌లో మూడు నిమిషాలు సరిపోయాయి. టోక్యోలో ఇరవై చాలలేదు. ఎదుటి ప్రాణిని వినగల నేర్పు ఉంటేనే గుర్రం మార్చుకోవడం విద్య అవుతుంది. అది లేనిచోట హింస అవుతుంది.

మన భారతంలో నలుడి కథ ఈ విద్యకు పెట్టిన పేరు నాకు చాలా ఇష్టం: అశ్వహృదయం. బాహుకుడిగా మారువేషంలో ఉన్న నలుడు విదర్భ ప్రయాణానికి బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకుంటే రాజు ఋతుపర్ణుడు అనుమానపడతాడు. పైకి కనపడేది రాజు చూశాడు, లోపల ఉన్నది నలుడు చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు. ఋతుపర్ణుడు దారిలోనే పాచికల మర్మమైన అక్షహృదయం ఇస్తాడు, నలుడు విదర్భ చేరాక అశ్వహృదయం ఇస్తాడు. ఇచ్చినందువల్ల ఎవరి విద్యా తరిగిపోలేదు.

ఆ నలుగురు రౌతులు ప్రతిసారీ చేసింది ఇదే. నా గుర్రం మనసు నీకిస్తాను, నీ గుర్రం మనసు నాకివ్వు అన్నారు. ప్రపంచ వేదిక మీద ఆ మార్పిడి ఆగినా, స్వారీ నేర్పే చోట చిన్న కంచెల మీద, అలసట లేని గుర్రాలతో, అది సాగుతూనే ఉండాలి. పక్కవాడి గుర్రం ఎక్కిన పిల్లకు తన చేతి బరువు ఎంతో మొదటిసారి తెలుస్తుంది. దిగి మళ్లీ తన గుర్రం దగ్గరికి వచ్చి పగ్గాలు అందుకున్నప్పుడు, ఆ చెయ్యి ఇదివరకటికన్నా కాస్త మెత్తబడి ఉంటుంది.