బెండు మీద చూపు

చిన్నాన్న మొదటిసారి నా చేతికి ఇచ్చిన గాలపు కర్రకు ముల్లు లేదు. కర్ర, దారం, జీలుగు బెండు, చివర చిన్న సీసం గుండు, అంతే. "ఇవాళ చేపల జోలికి పోకు. బెండు ఎటు పోతోందో చూడు చాలు" అన్నాడు. అప్పుడు నాకు పదేళ్లు. కోనసీమలో మా ఊరి పంట కాలువ రేవులో ఆ పొద్దంతా కూర్చున్నాను. కాలువ నడుమ నీరు దిగువకు పరుగెడుతుంటే, రేవు మెట్ల మూలకు వచ్చిన బెండు మాత్రం ఆగి, గుండ్రంగా తిరిగి, మెల్లగా ఎగువకు నడిచింది. కొట్టుకొచ్చిన పురుగూ మెతుకూ అలాంటి చోటే సుడి తిరుగుతాయి. వాటికోసం చేపలూ అక్కడే కాచుకుంటాయి.

నలభై ఏళ్ల తర్వాత, బీపీ మాత్రలు మొదలైన ఏడాది, మళ్లీ కర్ర పట్టాను. గాలం వేస్తే బీపీ తగ్గుతుందని నేను చెప్పను. మాత్రలు మానలేదు, మీరూ మానకండి. నాకు దక్కింది వేరు. కళ్లు మూసుకుని ధ్యానం చేయబోతే రెండు నిమిషాలకే ఆఫీసు పనులు ముసురుకుంటాయి. బెండు ముందు కూర్చుంటే గంటైనా రావు. మనసుకు పట్టుకోవడానికి చిన్న పని ఒకటి దొరుకుతుంది కాబట్టి. తెల్లవారుజామునే లేవాలి, గట్టు మీద రెండు కిలోమీటర్లు నడవాలి. రోజంతా తెర మీద ఆనిన చూపు దూరపు నీటి మీద తిరుగుతుంది. ఇందులో ఏ ఒక్కటీ గొప్ప వైద్యం కాదు, కానీ వారానికి రెండు పొద్దులు ఇవన్నీ కలిసి వస్తే ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువల చుట్టూ అల్లుకున్న మా ఊళ్లలో గాలం వేటకు కూడా కాలువ క్యాలెండరే. వేసవిలో కాలువ కట్టేస్తారు, తర్వాత కొత్తనీరు వదులుతారు. వరదల రోజుల్లో నీరు ఎర్రగా, మందంగా ఉంటుంది, ఎర చేపకు కనబడదు. పైగా అది చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు కర్ర చూరులోనే ఉంచడం మంచిది. దసరా దాటి నీరు తేటపడ్డాక మొదలుపెట్టాలి.

కర్రకు కంకబొంగును మించింది నాకు కనబడలేదు. లోపల గుల్ల తక్కువ, కొన దాకా సాగే గుణం ఉంటుంది. కోసిన బొంగును నీడలో నిలువుగా కట్టి ఆరబెట్టాలి. ఎండలో పడేస్తే పగులుతుంది. దారం కర్ర పొడవంతే ఉంటే కొత్తవాళ్లకు చేయి అదుపులో ఉంటుంది. గాలపు ముల్లు కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: మామూలు సైజుల్లో నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. పరిగెలకు పెద్ద నంబరు అడగాలి.

ఎర ఎంత లోతుకు వేయాలో చేప మూతే చెబుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్లలో మేస్తుంది. శీలావతి నడినీళ్ల చేప. మోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున బురద కెలుకుతుంది. చేపల చెరువుల్లో ఈ మూడింటినీ కలిపి పెంచేది అందుకే, ఒకదాని మేతకు ఇంకొకటి పోటీ రాదు. గాలం వేసేవాడు అదే తెలివిని బెండు దగ్గర వాడతాడు. బెండును పైకో కిందికో జరిపితే ఎర లోతు మారుతుంది. శీలావతికీ మోసుకూ తవుడు, గోధుమపిండి, కాస్త వేరుశనగ చెక్క కలిపిన ముద్ద. జెల్లలకూ పరిగెలకూ అరటిచెట్టు మొదట్లో తవ్వి తీసిన ఎర్రలు.

ఇక అసలు విద్య బెండును చదవడం. పరిగె వస్తే బెండు టకటకా వణుకుతుంది. తొందరపడి లాగితే ఖాళీ ముల్లే వస్తుంది, ఎర పోయి ఉంటుంది. జెల్ల పక్కకు ఈడ్చి ముంచుతుంది. మోసు పట్టినప్పుడు మాత్రం బెండు మునగదు, నిలువుగా ఉన్నది మెల్లగా లేచి నీటి మీద పడుకుంటుంది. అడుగున ఉన్న ఎరను నోట పెట్టుకుని చేప పైకి లేచినప్పుడు, సీసం బరువు బెండు మీద నుంచి తొలగిపోవడమే దానికి కారణం. మొదటిసారి అది చూసి ముల్లు ఊడిందనుకున్నాను. "లాగరా!" అని చిన్నాన్న అరిచేలోగా చేప పోయింది. కనబడని ఆ అడుగున ఏం జరుగుతోందో అంగుళం బెండు చెబుతుందని ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ బెండు పడుకుంటే నా ఊపిరి ఆగుతుంది.

పట్టుకున్నాక కూడా పని ఉంది. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు గట్టి ముళ్లుంటాయి. పక్కముళ్ల వెనక నుంచి వేళ్లు పోనిచ్చి పట్టాలి, లేకపోతే అరచేయి చీరుకుపోతుంది. వదిలేయదలచిన చిన్న చేపను పొడి చేత్తో ముట్టుకోవద్దు. దాని ఒంటి మీది జిగురే దానికి రక్ష. చేయి తడిపి ముల్లు తీసి, నీటిలోనే వదలాలి. తెగిన నైలాన్ దారం ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తెండి. కొంగల కాళ్లకు చుట్టుకున్న దారం ఒకసారి చూస్తే మళ్లీ ఎవరూ పారేయరు. నెత్తి మీద కరెంటు తీగలున్న చోట పొడుగాటి కర్ర ఎత్తకండి, కార్బన్ కర్ర అసలే వద్దు.

కొర్రమీను గురించి చెప్పకుండా ముగించలేను. తెలంగాణ దాన్నే రాష్ట్ర చేపగా ఎంచుకుంది. అది గాలి పీల్చే చేప, కాసేపటికోసారి పైకొచ్చి గుక్కెడు గాలి మింగి పోతుంది. తామరాకుల మధ్య ఆ చిన్న చప్పుడు వినబడితే అదెక్కడుందో తెలిసిపోతుంది. ఒక్కోసారి నీటి మీద ఎర్రటి ముద్దలా పిల్లల గుంపు కదులుతుంటుంది. కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది, దగ్గరకొచ్చిన దేని మీదికైనా దూకుతుంది. కప్ప ఎర వేస్తే ఆ క్షణంలో పట్టేయొచ్చు, అంత సులువు. చిన్నాన్న ఆ ఎర్రముద్ద కనిపిస్తే దారం చుట్టేసుకుని ఇంకో రేవుకు నడిచేవాడు. కాపలా పోయిన పిల్లలు సాయంత్రానికి మిగలవని ఆయనకు తెలుసు. ఇప్పుడు నీళ్లలో కరెంటు పెట్టి పిల్లా పెద్దా అన్నీ తేలేలా చేసేవాళ్లను చూస్తుంటే కడుపు మండుతుంది.

చెరువైతే ముందు అడగాలి. మన ఊరి చెరువుల్లో చాలావాటి మీద హక్కు మత్స్యకార సంఘాలదో, చెరువు పాట పాడుకున్నవాళ్లదో. మనకు అది ఆదివారం సరదా, వాళ్లకు బతుకు. మర్యాదగా అడిగితే సాధారణంగా కాదనరు, పైగా ఏ తూము దగ్గర ఏం పడుతుందో కూడా చెబుతారు. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్న మనవాళ్లు లైసెన్సు తీసుకుని, ఏ చేప ఎంత సైజుకు తగ్గితే వదిలేయాలో చూసుకోవాలి.

పోయిన కార్తీకంలో చిన్నాన్న రాలేనన్నాడు, మోకాళ్లు. నేనొక్కణ్ణే వెళ్లి పరిగెలు తెచ్చాను, అరచేయంతవి పదకొండు. పిన్ని వాటిని గరుకు రాతి మీద ఉప్పు వేసి తోమి, చింతకాయ వేసి పులుసు పెట్టింది. చిన్నాన్న మంచం మీద నుంచే, "ఏ రేవులో పడ్డాయిరా?" అన్నాడు. చెప్పాను. "మెట్ల మూలనేనా?"

అవునన్నాను.